జూన్ 8 మృగశిర వచ్చేసింది. నెల్లూరు, ప్రకాశంలో ఎండాకాలం అయిపోయినట్టేనా?

కందుకూరు కుర్రోడు
అందరికీ నమస్కారం. ఉద్యోగం హైదరాబాదులో, ఇల్లు కందుకూరు దగ్గర పల్లెలో. ఇక్కడ మా ఆఫీసులో జూన్ 8 వస్తోందంటే ఒకటే హడావుడి. మృగశిర కార్తె, ఆ రోజు చేపలు తినాల్సిందే, ఎండాకాలం పోయినట్టే అంటారు. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ "ఇక్కడ నిప్పులు కురుస్తున్నాయి, పిల్లల్ని తీసుకుని ఇప్పుడే రావద్దు" అంటుంది. నావి రెండు డౌట్లు. పండగలన్నీ ఏటా తేదీలు మారుతుంటే ఈ కార్తె మాత్రం ఇంగ్లీషు క్యాలెండర్లో అదే తేదీకి ఎట్లా వస్తుంది? ఇంకోటి, మన జిల్లాల్లో ఈ తేదీకి నిజంగా విలువ ఉందా, లేక వాట్సాప్ చూసి మనం కొత్తగా నేర్చుకున్నామా?

పొదిలి మాస్టారు
మొదటిదానికి జవాబు సులువు నాయనా. తిథి చంద్రుడి లెక్క, కార్తె సూర్యుడి లెక్క. సూర్యుడు 27 నక్షత్రాల దారిలో ఒక్కోదాంట్లో పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు. ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. రోహిణి మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 7 దాకా, మృగశిర 8 నుంచి 21 దాకా, ఆ తర్వాత ఆరుద్ర. ఇంగ్లీషు క్యాలెండర్ కూడా సూర్యుడిదే కాబట్టి రెండూ కలిసి నడుస్తాయి. లీపు సంవత్సరం వల్ల ఒక రోజు అటూ ఇటూ అవుతుంది, అంతే.

ఏరువాక పున్నమి చూడు, అది జ్యేష్ఠ పౌర్ణమి కాబట్టి తిరుగుతూనే ఉంటుంది. 2025లో జూన్ 11న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడి జూన్ 29కి పోయింది. పద్దెనిమిది రోజుల తేడా. అందుకే రైతు పున్నమినాడు నాగలికి పసుపు కుంకుమ పెట్టినా, విత్తనం వేళకు మాత్రం కార్తెనే చూసుకున్నాడు.

ఒంగోలు గిత్త
మాస్టారూ, అసలు సామెత వదిలేశారే. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంట. ఎద్దుల మాట వచ్చాక మా ఒంగోలును తలవకపోతే ఎట్లా? కాకపోతే ఇప్పుడు ఒంగోల్లో రంకెలు లేవు, ఇన్వర్టర్ల కూతలే.

పెన్నా గట్టు
మాది కోవూరు వైపు. మొహమాటం లేకుండా చెప్తున్నా, మా డెల్టాలో మృగశిరకు పెద్ద విలువ లేదు. రాష్ట్రంలో మిగతా వాళ్లు తొలకరి కోసం ఆకాశం వైపు చూసే రోజుల్లో మా పొలాల్లో ఎడగారు వరి, అంటే పెద్ద పంట కాని కాలంలో వేసే వరి, పచ్చగా నిలబడి ఉంటుంది. సోమశిల జలాశయంలో నీళ్లుంటే ఏప్రిల్, మే నెలల్లో నాటుకుంటాం, ఆగస్టు సెప్టెంబరుల్లో కోస్తాం. పెద్ద పంట సంగతి చూస్తే, ఊరంతా వానలకు విత్తుకునే కాలంలో కాదు, దసరా దాటాక మొదలవుతుంది. మా కళ్లన్నీ 78 టీఎంసీల సోమశిల మీదే. అది నిండేది మృగశిరకు కాదు.

మన నెల్లూరు వాన అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో పడుతుంది. ఏడాది వానలో సగానికి పైగా ఆ మూడు నెలలదే. జూన్ 8న "ఎండాకాలానికి వీడ్కోలు" అని స్టేటస్ పెట్టేవాళ్లు ఒకసారి ఆ మధ్యాహ్నం బుచ్చిరెడ్డిపాలెం బస్టాండులో నిలబడి చూడండి.

కందుకూరు కుర్రోడు
పెన్నా గట్టు అన్నా, అంటే మా అమ్మ చెప్పిందే నిజం అన్నమాట.

వాన లెక్కలు
అమ్మ మాట నిజమే, దానికి కారణం కూడా ఉంది. వాతావరణ శాఖ లెక్కలో మార్చి, ఏప్రిల్, మే ఎండాకాలం. జూన్ 1 నుంచి వానాకాలం. ఆ తేదీ కేరళను చూసి పెట్టింది, నైరుతి మామూలుగా అక్కడికి చేరేది ఆ రోజుకే. అక్కడి నుంచి నాలుగైదు రోజుల్లో మన దక్షిణ కోస్తాకు వచ్చినట్టు మ్యాపు మీద గీత గీస్తారు. గీత దాటుతుంది, చెమట తగ్గదు. ఎందుకంటే నైరుతి గాలి తేమంతా పడమటి కనుమల్లో దించేసి, రాయలసీమ మీదుగా వట్టి చేతులతో నల్లమల, వెలికొండలు దిగి మన మీదికి వస్తుంది. కొండ దిగే గాలి ఇంకా వేడెక్కుతుంది. అదే మన పడమటి గాలి. అది గట్టిగా వీచిన రోజు మధ్యాహ్నానికి రావాల్సిన సముద్రపు గాలి సాయంత్రం దాకా ఒడ్డు ఎక్కదు. నెల్లూరు, కావలి, ఒంగోలు జూన్‌లో కూడా మండేది అందుకే.

ఇంకో తమాషా సంగతి. మన నడినెత్తిన సూర్యుడు ఉండేది మే నెలాఖరులో కాదు. నెల్లూరులో ఏప్రిల్ ఆఖరున ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి. జూన్ 8 నాటికి సూర్యుడు మనల్ని దాటి ఉత్తరానికి పోయి ఉంటాడు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం ఎండలో కర్ర పాతి చూడండి, నీడ దక్షిణానికి పడుతుంది. పిల్లలకు చూపించదగ్గ సంగతి.

పొదిలి మాస్టారు
వాన లెక్కలు గారూ, కర్ర నీడ సంగతి బాగుంది. మేం బళ్లో చేయించేవాళ్లం. పిల్లలు మొదట నమ్మరు.

తోళ్ల కొండ
మాది మార్కాపురం పక్క మెట్ట. పెన్నా గట్టు గారికి కాలువ ఉంది కాబట్టి కార్తె అక్కర్లేదు. మాకు కాలువ లేదు. సాగర్ కుడి కాలువ దర్శి వైపు పోతుంది గాని మా గడప తొక్కదు. మేం కార్తెలతోనే బతుకుతాం. మే నెల వానలకు దుక్కి దున్ని పెట్టుకుంటాం. మృగశిరలో పడితే నువ్వు, సజ్జ, పెసర. ఆరుద్రలో పడితే పత్తి. ఇంకా ఆలస్యమైతే కంది. ఏ కార్తెలో పదును, అంటే విత్తడానికి సరిపడా తడి, దొరికిందనే దాన్ని బట్టి ఏం వేయాలో తేలుతుంది. మా నాయనకు చదువు లేదు గాని 27 కార్తెలూ వరసగా చెప్పేవాడు. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అనేది మా ఇంట్లో గోడ మీద రాయలేదు గాని రాసినంత పని.

అందుకని ఆ తేదీ విలువ లేనిదంటే ఒప్పుకోను. ఎండ పోయే తేదీ కాదు, అది నిజమే. ఎప్పటి నుంచి ఆకాశాన్ని నమ్మొచ్చో చెప్పే తేదీ.

పెన్నా గట్టు
తోళ్ల కొండ అన్నా, నమ్మొచ్చా? 2019లో, 2023లో రుతుపవనాలు కేరళను తాకిందే జూన్ 8న. మృగశిర మొదటి రోజుకు అవి ఇంకా కేరళ గడప మీదే ఉన్నాయి. 2025లో మే 24కే వచ్చేశాయి, అప్పటికి రోహిణి కూడా మొదలు కాలేదు. ఏ కార్తెను నమ్ముతావు?

తోళ్ల కొండ
కార్తెను నమ్మి కళ్లు మూసుకుని విత్తనం వేయం కదా. చేతి సంచి పట్టుకుని గట్టు మీద నిలబడతాం. మొదటి జల్లుకు ఆశపడి వేసినవాళ్లు మొలక ఎండిపోయి రెండోసారి విత్తనం కొన్నారు, మా ఊళ్లో ఆ అప్పులు చాలా చూశాం. వ్యవసాయ శాఖ వాళ్లు 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి పెట్టమంటారు. మా నాయన లెక్కలో అది జానెడు లోతు తడి. కార్తె వచ్చిందో లేదో క్యాలెండర్ చెబుతుంది, తడి దిగిందో లేదో గునపం చెబుతుంది. రెండూ కావాలి.

వాన లెక్కలు
ప్రకాశం, నెల్లూరు కలిపి మాట్లాడటంలోనే గొడవ ఉంది. ప్రకాశానికి నైరుతి, ఈశాన్యం ఇంచుమించు సమానంగా ఇస్తాయి, పడమటి మండలాల్లో నైరుతి బరువు ఎక్కువ. నెల్లూరులో ఈశాన్యానిదే పెత్తనం. కాబట్టి మీరిద్దరూ మీ మీ ఊళ్ల గురించి చెప్పేది సరైనదే.

కొత్తపట్నం రేవు
ఎవరూ సముద్రం మాట ఎత్తలేదేంది? మాకు ఎండాకాలం అయిపోయే తేదీ జూన్ 8 కాదు, 15. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 అర్ధరాత్రి దాకా ఇంజను బోట్లకు వేట నిషేధం. 61 రోజులు. 2015కు ముందు మే నెలాఖరుతో అయిపోయేది, తర్వాత ఇంకో రెండు వారాలు పెంచారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. పడమటి తీరంలో ఇదే 61 రోజులు జూన్ 1 నుంచి జూలై 31 దాకా ఉంటుంది, వాళ్లకు అప్పుడు సముద్రం పోటు మీద ఉంటుంది.

ఆ రెండు నెలలూ వలలు అల్లుకోవడం, బోటుకు రంగు, ఇంజను రిపేరు, పాత అప్పుల లెక్కలు. ప్రభుత్వం ఇచ్చే భృతి ముందు 10,000 ఉండేది, 2025లో 20,000 చేశారు. ఇంజను లేని తెప్పలకు నిషేధం లేదు గాని వాటితో దొరికేది ఇంటి కూరకు, నాలుగు తట్టలకు. జూన్ 14 సాయంత్రం రేవుకు వచ్చి చూడండి, ఐస్, డీజిల్, నీళ్ల డ్రమ్ములు, బియ్యం మూటలు. పూజ చేసి కొబ్బరికాయ కొట్టి కూర్చుంటాం. మాకు సంవత్సరాది అదే అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. హైదరాబాదు వాళ్లు మృగశిరకు చేపలు తినాలంటారు కదా, ఆ రోజు మా దగ్గర సముద్రం చేప అడిగితే ఎక్కడ తెచ్చేది? అప్పటికి నిషేధం ఇంకా వారం ఉంటుంది. మార్కెట్లో వంజరం కనబడితే పాత ఐస్ సరుకో, దొంగ వేటో అయి ఉంటుంది.

నెల్లూరు వంటిల్లు
కొత్తపట్నం తమ్ముడూ, మృగశిర చేప అంటే సముద్రం చేప కాదు నాయనా, చెరువు చేప. మే నెలాఖరుకు ఊరి చెరువులు అడుగంటుతాయి. ఉన్న నాలుగు అడుగుల నీళ్లలో కొరమీను, బొమ్మిడాయి, జెల్ల అన్నీ ఒక్కచోట చేరతాయి. వల వేస్తే ఊరంతటికీ వస్తుంది. చెరువు పట్టడం అంటే మా చిన్నప్పుడు తిరునాళ్ల లాంటిది. దొరికే కాలంలో దొరికేది తినమన్నారు, దానికి తర్వాత ఆరోగ్యం కథ కలిసింది. ఇది నా అభిప్రాయం, ఎవరైనా కాదంటే సరే.

కందుకూరు అబ్బాయి అడిగినదానికి: మా అత్తగారి ఇంట్లో మృగశిర పేరుతో ప్రత్యేకంగా చేపలు వండింది నేను చూడలేదు. మా ఇంట్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు వండుతాం, నెల్లూరులో చేపల పులుసుకు కార్తె అక్కర్లేదు. తెలంగాణ వైపు చేప తినని ఇళ్లలో ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసి మింగుతారని మా వదిన చెప్పింది, చింతచిగురులో ఇంగువ వేసి కూడా చేస్తారట. మన దగ్గర మాత్రం ఈ రోజుల ప్రత్యేకం పులుసులోకి పడే ఆఖరి మామిడికాయ ముక్కలే. ఇంకో వారం పోతే కాయ తీపెక్కుతుంది, పులుసుకు పనికిరాదు.

ఒంగోలు గిత్త
పులుసు కబురు వచ్చిందంటే ఇక చర్చ ముందుకు సాగినట్టే.

సూళ్లూరుపేట సైకిల్
మా వైపు ఎవరూ మృగశిర అనరు, కత్తిరి అంటారు. మే 4 నుంచి 28 దాకా అగ్ని నక్షత్రం. అది పోయిందంటే ఇక ఎండలు తగ్గుముఖం అని తమిళం పంచాంగం చెబుతుంది. సూర్యుడు భరణి మూడో పాదం నుంచి రోహిణి మొదటి పాదం దాటేదాకా అంట. ఇక్కడ సగం మంది ఆ లెక్కే చూస్తారు. (2022 నుంచి మేం తిరుపతి జిల్లా అయ్యాం, అయినా ఇక్కడ మాట్లాడనిస్తారని ఆశ.)

పొదిలి మాస్టారు
మాట్లాడు నాయనా, జిల్లా మారితే ఎండ మారదు. కందుకూరు కూడా అదే ఏడాది ప్రకాశం నుంచి నెల్లూరులోకి పోయింది. చర్చ మొదలుపెట్టిన అబ్బాయికి రెండు జిల్లాల మీదా హక్కు ఉంది.

తమాషా ఏమిటంటే మన పంచాంగమే ఇంకో జవాబు కూడా ఇస్తుంది. ఋతువుల లెక్కలో జ్యేష్ఠం, ఆషాఢం కలిపి గ్రీష్మం. అంటే ఆషాఢ అమావాస్య దాకా, ఇంచుమించు జూలై నెలాఖరు దాకా పుస్తకం ప్రకారం ఎండాకాలమే. మృగశిర దాని నడిమధ్యలో పడుతుంది. మన కోస్తాకు ఈ లెక్కే దగ్గరగా సరిపోతుంది, విచిత్రంగా.

ఇంకొకటి కూడా చెప్పాలి. నక్షత్రాల లెక్క, ఇంగ్లీషు క్యాలెండర్ శాశ్వతంగా జతగా నడవవు. సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తె తర్వాతి తేదీకి జరుగుతుంది. ఐదు వందల ఏళ్ల కిందట మృగశిర ఇప్పటి లెక్కలో దాదాపు వారం ముందే వచ్చేది. మన సామెతల్లో ఎన్ని అప్పటివో, ఎన్ని తర్వాతివో ఎవరు తేలుస్తారు? ఎండను మాత్రం నక్షత్రం నడపదు, భూమి ఒరిగి ఉండే తీరు నడుపుతుంది.

పెన్నా గట్టు
మాస్టారు నా పార్టీలో చేరినట్టే.

పొదిలి మాస్టారు
ఏ పార్టీలోనూ లేను. మా తాతగారు పొలం చేసింది కార్తెలతోనే.

రొయ్యల గుంట
విడవలూరు వైపు నుంచి. అందరూ మొదటి వాన కోసం ఎదురు చూస్తారు, మాకు మొదటి వాన అంటే టెన్షన్. రోహిణి ఎండకు చెరువు నీళ్లు వేడెక్కి, ఉప్పు పెరిగి ఉంటాయి. దాని మీద రాత్రిపూట ఒక్కసారి చల్లటి వాన పడితే పైన తీపి నీళ్లు, కింద ఉప్పు నీళ్లు పొరలుగా నిలుస్తాయి. నాచు ఒక్కసారిగా చచ్చిపోతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య నీళ్ల మీదికి తేలుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపకూడదు, మేత తగ్గించాలి, గట్ల మీద సున్నం చల్లి ఉంచుకోవాలి. వాన వచ్చే రోజే ఈదురుగాలికి కరెంటు పోతుంది, జనరేటర్ డీజిల్ చూసుకోండి. మృగశిర వచ్చిందంటే మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

తోళ్ల కొండ
ఇది నాకు తెలియదన్నా. మేం మొక్కుకునే వానకు మీరు భయపడతారా.

రొయ్యల గుంట
సన్నగా కురిస్తే భయం లేదు. కుండపోతే భయం.

డ్యూటీ డాక్టరమ్మ
ఒక చిన్న మాట చెప్పి వెళ్తాను. మృగశిర రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండులో బత్తిని వారు చేప ప్రసాదం వేస్తారు, కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. కోవిడ్ వల్ల ఆగి, 2023లో మళ్లీ మొదలైంది. మన జిల్లాల నుంచి కూడా బస్సులు కట్టుకుని పోతారు. నమ్మకం మీ ఇష్టం, కానీ దాంతో ఉబ్బసం తగ్గుతుందని వైద్యంలో రుజువు కాలేదు. ప్రసాదం తీసుకున్నామని ఇన్‌హేలర్ మానేసి, వాన మొదలయ్యాక ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లను చూస్తుంటాం. దయచేసి మానకండి.

ఇంకోటి, వడదెబ్బ మే నెలతో పోదు. 2015 మే నెలాఖరు వడగాడ్పుల్లో రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు, ప్రకాశం బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. అది రోహిణి మొదటి వారం. కానీ జూన్ మధ్యలో పడమటి గాలి రోజుల్లో కూడా పొలం పనికి, ఉపాధి పనికి పోయేవాళ్లు పడిపోతుంటారు. "కార్తె మారింది కదా" అని తలకు గుడ్డ తీసేస్తారు. తీయొద్దు.

కందుకూరు కుర్రోడు
డాక్టరమ్మ గారూ, మా నాన్నకు ఇది చదివి వినిపిస్తాను. బడుల సంగతి కూడా ఇట్లాగే ఉంది. జూన్ 12న తెరుస్తారు, తెరిచాక ఎండలని ఒంటిపూట పెడతారు.

పొదిలి మాస్టారు
2023లో అట్లాగే జరిగింది. జూన్‌లో బడి తెరిచి ఒంటిపూట నడిపారు. జూన్ 12 ఎట్లా వచ్చిందో గాని, మా సర్వీసులో ఆ రోజు ఫ్యాన్ కింద సీటు కోసమే మొదటి గొడవ.

ఉదయగిరి రాయి
ఆలస్యంగా చూశాను. మా ఎర్ర నేలల్లో ఎండాకాలం పోయిందని చెప్పేది క్యాలెండర్ కాదు, ఆరుద్ర పురుగు. మంచి వాన పడిన మర్నాడు ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా నేల మీద పాకుతాయి. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటాయి. పురుగు అంటాం గాని ఎనిమిది కాళ్లు ఉంటాయి, సాలీడు వంశం. వాన పడని ఏడాది ఆరుద్ర కార్తె వచ్చినా అవి బయటికి రావు. ఈ మధ్య తక్కువగా కనిపిస్తున్నాయి, మందులు కొట్టే చేలల్లో అసలే లేవు.

తోళ్ల కొండ
మా వైపూ అంతే. పిల్లలు అగ్గిపెట్టెల్లో పెట్టుకునేవాళ్లు.

పెన్నా గట్టు
సరే, నేనూ ఒకటి ఒప్పుకుంటా. ఎగువన కర్నూలు, కడప వైపు మృగశిర, ఆరుద్రల్లో పడిన వాన చివరికి పెన్నాలోకే వస్తుంది. కానీ మా చెరువులు, సోమశిల నిండేది స్వాతి, విశాఖ, అనూరాధల్లో. "స్వాతి కురిస్తే చట్రాయి మీద కూడా పంట పండుతుంది" అనే సామెత మా నెల్లూరు కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ఎక్కువైతే ఆ కార్తెలే ముంచుతాయి కూడా. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడులో రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అది అనూరాధ కార్తె మొదలైన రోజుల్లోనే. మీరు జూన్‌లో మేఘం కోసం చూస్తారు, మేం నవంబరులో వాయుగుండం కోసం చూస్తాం, భయపడతాం కూడా.

వాన లెక్కలు
కొండపి, టంగుటూరు పొగాకు, ఒంగోలు చుట్టూ నల్లరేగడిలో శనగ కూడా అక్టోబరు, నవంబరు లెక్కే. ప్రకాశం తూర్పు సగం నీ వైపే పెన్నా గట్టు.

ఒంగోలు గిత్త
అంటే ఒంగోలు జిల్లాలో సగం నెల్లూరుకు రాసిచ్చేశారా? 2022లో కందుకూరు పోయింది చాలదా?

కందుకూరు కుర్రోడు
నవ్వలేక చస్తున్నాను. అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు నా ప్లాన్ చెప్తా. 8వ తేదీ హైదరాబాదులో ఆఫీసు వాళ్లతో చెరువు చేప తినేస్తా, గొడవ లేకుండా. పిల్లలకు ఇక్కడా 12నే బడి కాబట్టి వాళ్లు రారు. నేను ఒక్కడినే 15 దాటాక ఆదివారం ఊరికి వస్తా. కొత్తపట్నం అన్నా, నిషేధం పోయిన మొదటి రోజే వస్తే వంజరం దొరుకుతుందా?

కొత్తపట్నం రేవు
మొదటి రోజు వద్దు. ఫైబర్ బోట్లు పొద్దున పోయి సాయంత్రానికి వస్తాయి గాని రేటు మండిపోతుంది, రెండు నెలలుగా ఆగిన జనమంతా ఆ రోజే ఎగబడతారు. పెద్ద బోట్లు రోజుల తరబడి లోపలే ఉండి వస్తాయి, అవి తిరిగి వచ్చాక సరుకు పెరిగి రేటు దిగుతుంది. నాలుగైదు రోజులు ఆగి, తెల్లారకముందే రేవుకు రా. ఐస్ పెట్టె నువ్వే తెచ్చుకో, ఇక్కడ అప్పుడు ఐస్‌కు కూడా కటకటే.

నెల్లూరు వంటిల్లు
వంజరం వేపుడుకు తీసుకో. పులుసు కావాలంటే చందువ గాని కొరమీను గాని చూడు. మామిడికాయ అప్పటికి దొరక్కపోతే చింతపండు ఒక్కటే వేసి, పొయ్యి మీద నుంచి దించి ఆ పూట కదిలించకుండా మర్నాడు తినండి.